శిలాఫలకం తిన్నగానే ఉంది, గ్రౌండే వాలింది

సంపాదకులకు నమస్కారం.

మూతపడిన గనుల్ని ఆటస్థలాలుగా, పార్కులుగా మార్చడం గురించి పది రోజుల కిందట మీ ఆదివారం పేజీల్లో వేసిన పెద్ద కథనం చదివాను. అప్పుడే రాయాల్సింది, కోపం తగ్గాక రాద్దాంలే అని ఊరుకున్నాను. తగ్గలేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

కథనంలో సగానికి పైగా ఫొటోలే. పచ్చటి గడ్డి, నీలం నీళ్లు, డ్రోన్ పైనుంచి తీసిన వంపులు, రిబ్బన్ పట్టుకున్న నాలుగైదు చేతులు. నిన్నటి దాకా గొయ్యి ఉన్నచోట మంత్రం వేసినట్టు మైదానం మొలిచిందన్నట్టు రాశారు. ఆ గొయ్యిని దేనితో పూడ్చారు, ఎన్నేళ్ల కిందట పూడ్చారు, కింద నీళ్లు ఎక్కడి దాకా లేచాయి? ఒక్క ముక్క లేదు. ఇరవై ఏడేళ్లు గనుల్లో సర్వేయర్‌గా నేల ఎత్తుపల్లాల లెవెల్స్ తీసినవాణ్ణి, నాకు ముందు కనబడేవి ఇవే.

ఉదాహరణకి పోర్చుగల్‌లోని బ్రాగా స్టేడియం చూపించారు. మంచిదే, నేనూ మెచ్చుకుంటాను. క్వారీలో కొండ తొలిచి కట్టారు, రెండు వైపులే గ్యాలరీలు, ఒక గోల్ వెనక నిలువెత్తు రాతి గోడ, 2004 యూరో ఫుట్‌బాల్ పోటీల్లో కొన్ని అక్కడ ఆడారు. కానీ అయ్యా, రాయి కోసిన క్వారీ వేరు, ఓబీ మట్టి, అంటే బొగ్గు మీదనుంచి తీసి పారేసిన మట్టీ రాళ్లూ పోసి పూడ్చిన ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తెరిచి తవ్వే గని) వేరు. రాతి క్వారీ అడుగున ఉండేది కదలని రాయి. ఓపెన్‌కాస్ట్ అడుగున ఉండేది డంపర్లు వంచి పోసిన మట్టి, రాళ్లు, మధ్యలో గాలి. తవ్విన మట్టి ఉబ్బుతుంది, పోసిన మట్టి ఏళ్ల తరబడి కుంగుతుంది. గని నడిచినన్నాళ్లూ పంపులతో తోడిన భూగర్భజలం పంపులు ఆపాక మెల్లగా పైకొచ్చి ఆ మట్టిని తడిపితే ఇంకోసారి కుంగుతుంది. రెండిటినీ ఒకే పేజీలో పక్కపక్కన వేసి ఇదిగో ఆదర్శం అంటే ఎలా?

ఇలా పూడ్చిన ఒక గ్రౌండ్ సంగతి నేను కళ్లారా చూశాను. కొన్నాళ్లు ఆగండి, పొరలు పొరలుగా రోలర్ తొక్కించండి, లెవెల్ గుర్తులు పెట్టి ప్రతి నెలా చూద్దాం అన్నాం. ప్రారంభోత్సవం తేదీ ముందే ఖాయమైపోయింది, ఇక మా మాట ఎవరు వింటారు. తెచ్చి పరిచిన గడ్డి మీదే మొదటి మ్యాచ్ ఆడించారు, చప్పట్లు కొట్టించారు. రెండు వానాకాలాలు గడిచాయి. పిచ్ మీద బంతి పెట్టి చెయ్యి తీస్తే దాని మానాన అది థర్డ్ మ్యాన్ వైపు దొర్లిపోయేది. పిల్లలకి అదే ఆట అయింది, బ్యాటు కూడా అక్కర్లేదు. బౌండరీ దగ్గర వేసిన సిమెంటు బెంచీ ముందుకి వాలి, కూర్చున్నవాడు జారకుండా కాళ్లు తన్నిపెట్టి కూర్చోవాల్సి వచ్చేది. పక్కనే ఉన్న పగుల్లో నా గొడుగు దింపితే పిడి దాకా పోయింది. శిలాఫలకం మాత్రం తిన్నగా నిలబడింది, ఎందుకంటే దానికొక్కదానికే కాంక్రీటు పునాది వేశారు.

నీళ్ల గుంతల సంగతి ఇంకా విడ్డూరం. నీలంగా ఉంటే చాలు బోటు షికారు పెట్టేద్దామంటారు. ఇంగ్లండ్‌లో బక్స్‌టన్ దగ్గర పాత సున్నపురాయి క్వారీలో నీళ్లు అంత నీలంగా ఉన్నాయనే జనం ఈతకి ఎగబడ్డారు. వాటి పీహెచ్ 11 దాటి ఉంది, అంటే ఘాటైన క్షారం, ఒంటి మీద పడితే చర్మం మండుతుంది. ఎన్ని బోర్డులు పెట్టినా ఆగకపోతే 2013లో అక్కడి కౌన్సిల్ నీళ్లలో నల్లరంగు కలిపింది! అమెరికాలో బ్యూట్ ఊరి రాగి గనిది తిరగేసిన కథ. 1982లో పంపులు ఆపేశాక గొయ్యి నిండా ఆమ్లపు నీళ్లు చేరాయి, 1995లో దాని మీద వాలిన మంచు బాతులు 342 చచ్చిపోయి తేలాయి. జర్మనీలో నాఖ్టర్‌స్టెట్ దగ్గర పాత లిగ్నైట్ (ఒక రకం నాసి బొగ్గు) గనిని చెరువుగా నింపుతుంటే 2009 జులై 18న ఒడ్డు విరిగి, పైనున్న ఇళ్లతో సహా నీళ్లలోకి జారింది. ముగ్గురు పోయారు. అప్పటికే పడవలు తిరుగుతున్న ఆ చెరువుని తర్వాత ఏళ్ల తరబడి మూసిపెట్టారు. ఇవేవీ దాచిన రహస్యాలు కావు, వెతికితే దొరికేవే. మీ విలేకరికి ఫొటోలు మాత్రం దొరికాయి.

అలాగని గనుల భూమి దేనికీ పనికిరాదనడం లేదు. అదే జర్మనీలో సెన్‌ఫ్టెన్‌బర్గ్ చెరువు కూడా ఒకప్పటి లిగ్నైట్ గొయ్యే. 1967లో నింపడం మొదలుపెట్టి ఐదేళ్లు నింపారు, ఆ తర్వాతే జనాన్ని రానిచ్చారు. సిడ్నీ దగ్గర పెన్‌రిత్‌లో ఇసుక, కంకర తవ్విన గుంతల్లోనే 2000 ఒలింపిక్స్ పడవ పందేలు జరిగాయి. అక్కడ తవ్వకం ఇంకా సాగుతుండగానే చివరికి ఏ చెరువు ఎక్కడ రావాలో అనుకుని తవ్వారు. నా గొడవంతా ఇదే. గనిని బాగుచేయడం తవ్వడం మొదలైన రోజే మొదలవ్వాలి, రిబ్బన్ కత్తిరించే రోజు కాదు. పైనున్న జానెడు మంచి మట్టిని ముందు గీకి వేరే పెట్టాలి. దాన్ని కొండంత కుప్ప పోసి పదేళ్లు వదిలేస్తే అడుగున గాలి ఆడక వానపాములూ విత్తనాలూ చచ్చి అదీ ఓబీ మట్టి లాగే తయారవుతుంది. అమెరికాలో బొగ్గు గనులకి 1977లోనే చట్టం తెచ్చారు, పైమట్టి విడిగా తీసి కాపాడాలి, బాగుచేస్తానని తవ్వకముందే పూచీ డబ్బు కట్టాలి. మట్టి అంతా కలిపేసి, చివర్లో ఎక్కణ్ణుంచో రెండు లారీల ఎర్రమట్టి తెచ్చి చల్లి, దాని మీద గడ్డి చాపలు పరిచి ఫొటో తీసుకుంటే అది బాగుచేయడం అవుతుందా? కింద డోజర్లు తొక్కి గట్టిపడిన నేలని రిప్పర్‌తో చీల్చకపోతే వేరు దిగదు, నీరు ఇంకదు. వానొస్తే మడుగు, ఎండొస్తే బండ.

ఇంక అధికారులు. టెండర్‌లో గ్రౌండ్ ఉంటుంది, గేటు ఉంటుంది, ఆర్చి ఉంటుంది. గడ్డికి నీళ్లు పెట్టేవాడు ఉండడు, లెవెల్ చూసేవాడు ఉండడు. కాంట్రాక్టర్ బిల్లు తీసుకుని వెళ్లిపోతాడు, సంతకం పెట్టిన ఆఫీసరుకి బదిలీ అవుతుంది, కొత్తాయన ఫైలు నా దగ్గరికి రాలేదంటాడు. నాటిన మొక్కలు చచ్చినా వాటికి కట్టిన నంబరు బిళ్లలు మాత్రం అలాగే వేలాడుతుంటాయి, లెక్కకి సరిపోవాలి కదా. మా రోజుల్లో తప్పుడు రీడింగ్ రాస్తే పై అధికారి ఆ పుస్తకం తీసి మొహాన కొట్టేవాడు. ఇప్పుడు అసలు రీడింగే తీయరు, ఇంక తప్పెలా దొరుకుతుంది?

మీ పత్రికని నలభై ఏళ్లుగా చదువుతున్నాను కాబట్టి చనువుతో ఒకటి అడుగుతున్నాను. రెండు వానాకాలాలు పోయాక మీ విలేకరిని తను ఫొటో తీసిన గ్రౌండ్‌కే మళ్లీ పంపండి. డ్రోన్ అక్కర్లేదు, ఒక క్రికెట్ బంతి ఇచ్చి పంపండి.

– ఒక రిటైర్డ్ మైన్ సర్వేయర్