సీన్ 27, కాజీపేట స్టేషన్

హనుమకొండ
ఆదివారం

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన స్క్రిప్టు ఫోన్‌లో చదవడం నా కళ్ళతో అయ్యే పని కాదని చౌరస్తాలో జిరాక్స్ షాపుకి పోయి ప్రింట్ తీయించాను. 142 పేజీలు. షాపు పిల్లగాడు కోర్టు కాగితాలనుకుని "ఏం కేసు సార్ ఇది?" అన్నాడు. సినిమా కథ అని చెప్తే మొదటి పేజీ తిరగేసి "హీరో ఎవరు?" అని అడిగాడు. నాకూ తెలియదన్నాను.

పేజీకి ఒక నిమిషం అని నువ్వే చెప్పావు కదా, ఆ లెక్కన రెండు గంటల ఇరవై రెండు నిమిషాలు. మాయాబజార్ తీసిన కె.వి.రెడ్డి గారు స్టాప్‌వాచ్ పెట్టుకుని సీన్ల నిడివి ముందే లెక్క కట్టేవారని అంటారు. నేను గోడ గడియారం చూసుకుంటూ బయటికే చదివాను. సీన్ 27 ఒక్కటే ఆరు నిమిషాలు పట్టింది. దాని సంగతి తర్వాత చెప్తాను.

నాకు సినిమా రాయడం రాదు. 22 ఏళ్ళు థియేటర్‌లో క్యాంటీన్ నడిపినవాణ్ణి. నేను చూసిన సినిమాల కంటే తలుపు సందులోంచి విన్న సినిమాలే ఎక్కువ. ఎవరు ఏ సీన్‌లో బయటికొచ్చారో, వచ్చినవాళ్ళు ఎట్లా తిరిగిపోయారో మాత్రం బాగా చూశాను. ఒకసారి పెద్ద హీరో సినిమా అని రెండు బస్తాల ఆలుగడ్డ తెప్పించాను. మొదటి రోజు ఇంటర్వెల్ కాకముందే గిరాకీ మొదలైంది, ఒకటే జనం. నేను సంబరపడుతుంటే పైనుంచి ఆపరేటర్ దిగి వచ్చి "సినిమా నడుస్తుంటే నీ దగ్గర సమోసా తింటున్నరంటే మనం మునిగినట్టే" అన్నాడు. మంగళవారానికి హాల్లో నలభై మంది లేరు. ఆ ఆలుగడ్డ మనింట్లో ఎన్ని రోజులు వండిందో మీ అమ్మను అడుగు.

అప్పటినుంచి నాకొక కొలత దొరికింది. సిగరెట్ కోసం బయటికొచ్చినవాడు తిరిగి సీట్లో కూర్చుంటూనే పక్కవాణ్ణి "ఏమైందిరా?" అని అడుగుతాడు. పక్కవాడు తెర మీంచి కళ్ళు తీయకుండా "ఆగు, ఆగు" అంటే సినిమా నడుస్తున్నట్టు. "ఏం కాలే, ఇంకా మాట్లాడుకుంటున్నరు" అంటే అక్కడ కథ ఆగిపోయినట్టు.

నీ స్క్రిప్టును ఆ లెక్కనే చదివాను. పక్కన పెన్సిల్‌తో "ఏం కాలే" అని రాసిన చోట్లు పదకొండు ఉన్నాయి. కోపం తెచ్చుకోకు. సీన్ 9 తీసుకో. హాస్టల్ గదిలో ముగ్గురు అమ్మాయిలు కూర్చుని తమ కష్టాలు చెప్పుకుంటారు. మాటలు బాగున్నాయి, ఒకచోట నవ్వొచ్చింది కూడా. కానీ ముగ్గురూ ఒక పక్షమే. ఒకరి దగ్గర ఇంకొకరికి కావలసింది ఏమీ లేదు. అదే గదిలో రేపు పొద్దున అద్దె కట్టాలనుకో. ఒకామె పర్సులో డబ్బులున్నాయి, ఇవ్వడం ఇష్టం లేదు. ఆ సంగతి మిగతా ఇద్దరిలో ఒకరికే తెలుసు. ఇప్పుడు అవే కష్టాలు చెప్పించు. నేనైతే సీట్లోంచి లేవను.

ఇంకొకటి. నా చిన్నప్పుడు కొత్తవాడలో మా ఇంటి ముందరికి పటం చూపించి కథ చెప్పే కూనపులివాళ్ళు వచ్చేవాళ్ళు. చేర్యాల నకాశీలు గీసిన పొడుగాటి పటం, ఎర్ర రంగు మీద బొమ్మలు. దాన్ని కొంచెం కొంచెం విప్పుకుంటూ మార్కండేయుడి కథ చెప్పేవాళ్ళు. ఆ పిల్లవాడు చావడని మా వాడకట్టంతటికీ తెలుసు. అయినా మా నాయిన మగ్గం ఆపి వచ్చి నిలబడేవాడు. యముడి బొమ్మ దగ్గరికి వచ్చేసరికి కథ చెప్పేటాయన పటం చుట్టను అట్లనే చేత పట్టుకుని మెల్లగా చందా సంగతి ఎత్తేవాడు. (ఇంటర్వెల్ అక్కడే పుట్టిందని నా అనుమానం.) మా అవ్వ బియ్యం కోసం లోపలికి ఉరుకుతూ "నేనొచ్చేదాంక ఇప్పకుండ్రి" అని అరిచేది. ప్రతిసారీ.

నీ కథలో తమ్ముడు డబ్బు తీసిన సంగతి 12వ పేజీలోనే మాకు చెప్పావు. తప్పేం లేదు, మాకు తెలిస్తే తెలియనీ. అక్కకు ఎప్పుడు తెలుస్తుందా అని చూస్తూ కూర్చుంటాం కదా. నువ్వు 13వ పేజీలోనే ఎవరితోనో ఫోన్ చేయించి ఆమెకూ చెప్పించేశావు. పటం మొత్తం ఒకేసారి నేల మీద పరిచినట్టయింది. ఆ ఫోన్‌ను ఇంటర్వెల్ దాకా మోగనివ్వకు. ఈలోపల తమ్ముడు అక్కకు అన్నం వడ్డిస్తే చాలు, మా గుండె దడదడలాడుతుంది.

మనుషులు కూడా ఎక్కువయ్యారు. 1957 నాటి మాయాబజార్ నాతో ఎన్నిసార్లు చూశావు! అందులో పాండవులు ఒక్క సీన్‌లో కూడా కనిపించరు. కొడుకు పెళ్ళి కథలో అర్జునుడే లేడు, అయినా ఎవరికీ వెలితి అనిపించలేదు. నీ కథలో బాబాయి, ప్రిన్సిపాల్, ఆ కిరాణా షాపాయన ఎందుకున్నారో ఒకసారి చూసుకో.

ఇక సీన్ 27. కాజీపేట స్టేషన్, రెండో ప్లాట్‌ఫాం, తండ్రి బిడ్డను హైదరాబాద్ పంపుతున్నాడు. నీకు ఆ సీన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆ తండ్రితో "నిన్ను పంపడం నాకిష్టం లేదమ్మా, కానీ నీ కలలకు అడ్డు రాలేను" అనిపించావు. నేను ఆ మాట అన్నానా? కృష్ణా ఎక్స్‌ప్రెస్ లేటని మైకులో చెప్తుంటే నేను పోయి నీళ్ళ బాటిల్ కొనుక్కొచ్చాను. నీ బ్యాగు పక్క జేబులో అప్పటికే నిండు బాటిల్ ఉంది. అది నేను చూశాను. నేను చూడటం నువ్వూ చూశావు. ఏమీ అనకుండా రెండోదాన్ని కూడా తీసుకున్నావు. ఆ తర్వాత నేను అడిగింది ఒక్కటే, "చార్జర్ పెట్టుకున్నవా?" అని. రెండుసార్లు అడిగాను.

నీ ఆరు పేజీల డైలాగ్ తీసేసి ఆ బాటిల్ పెట్టు. నటుడికి పని దొరుకుతుంది, కెమెరామన్‌కూ దొరుకుతుంది. పేజీన్నర చాలు. మాటలు పోతే రాసినవాళ్ళ గొప్ప కనబడదని నీకు బాధ ఉంటుంది. ఉండనీ.

ప్రింట్‌ను బస్సు పార్శిల్‌లో వేస్తున్నాను, పెన్సిల్ గీతలు నా చేతిరాతే, అర్థం కాకపోతే ఫోన్ చెయ్. డబ్బాలో సకినాలు ఉన్నాయి, పైన ఏమీ పెట్టకు, విరుగుతాయి.

మీ అమ్మ తాను చదవలేదంటుంది. కానీ రాత్రి నేను పడుకున్నాక వంటింట్లో లైటు చాలాసేపు వెలిగింది. పొద్దున చాయ్ ఇస్తూ అడిగింది: "ఆ పిల్ల తల్లి 40వ పేజీ తర్వాత ఎటు పోయింది?"

నీ బాపు