చెత్త బండి వెనక వెట్టిచాకిరీ

సంపాదకుడు గారికి,

మా వీధిలోకి పొద్దున ఐదున్నరకే చెత్త ఆటో వస్తుంది. తడి చెత్త, పొడి చెత్త ఏరే అమ్మాయికి గ్లవ్స్ కూడా ఉండవు. జీతం ఎంతమ్మా అని అడిగితే, "ఏమో సార్, ఏటీఎం కార్డు మేస్త్రీ దగ్గరే ఉంటది. అడ్వాన్సు తీరేదాకా ఇవ్వడు" అంది. దీన్ని ఉద్యోగం అంటారా?

వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమేనని 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక్కడేమో చెత్త కాంట్రాక్టు తీసుకున్న కంపెనీని అడిగితే సబ్ కాంట్రాక్టరును చూపిస్తుంది, అతను మేస్త్రీని చూపిస్తాడు.

కంపెనీ బిల్లు పాస్ చేసే ముందు మున్సిపల్ అధికారులు కార్మికుల పాస్‌బుక్కులు చూడాలి. కార్డు ఎవరి జేబులో ఉందో కూడా అడగాలి.

– ఓ పాఠకుడు, గుంటూరు జిల్లా