మెడలో మైకు వేసుకున్న మా టీచరుగారికి

మా పాప ఐదో తరగతి పూర్తయింది. ఈ ఏడాది తోడు నిలిచినవారికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టదు.

పాపకు రెండు చెవులా వినికిడి తక్కువ. హియరింగ్ ఎయిడ్స్ పెట్టుకుంటుంది. "మిషను ఉందిగా, ఇంకేమిటి?" అంటారు అందరూ. దాచడమెందుకు, మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ మిషను మాటతో పాటు కుర్చీ జరిపిన చప్పుడునూ పెంచుతుంది. పాఠం జరిగేటప్పుడు గదిలో ఇతర చప్పుళ్లు 35 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. 40 మంది పిల్లలున్న గదిలో ఆ మాట ఎవరికి వినిపిస్తుంది!

పాత బడిలో ముందు బెంచీ ఇచ్చి ఊరుకున్నారు. పాప సాయంత్రం ఇంటికి వచ్చి బూట్లు విప్పకుండానే నిద్రపోయేది. బద్ధకమని కోప్పడ్డాను. రోజంతా సగం విని, సగం ఊహించుకోవడం ఎంత అలసటో వినికిడి పరీక్షించే ఆడియాలజిస్టుగారు చెప్పేదాకా నాకు తెలియలేదు. ఆయనకు మొదటి నమస్కారం.

టీచరుగారూ, మీరు మెడలో వేసుకున్న మైకు మీ మాటను నేరుగా పాప చెవి మిషనులోకే పంపేది. మీరు అంతటితో ఊరుకోలేదు. ఎక్కడ కూర్చుంటే బాగుంటుందని మీరు నన్ను అడగలేదు, పాపను అడిగారు. రెండో వరుసలో గోడ పక్కన అంది. అక్కడైతే కాస్త తిరిగితే చాలు, మిగతా పిల్లల ముఖాలూ కనిపిస్తాయట. నాకు తట్టని సంగతి. కిటికీకి వీపు పెట్టి నిలబడితే మీ ముఖం నల్లగా కనబడి పెదవులు తెలియడం లేదంటే, మర్నాటి నుంచి అటు నిలబడలేదు. బోర్డు మీద రాయడం ముగించి, ఇటు తిరిగాకే మాట్లాడేవారు. వెనక బెంచీ వాళ్లు వేసిన ప్రశ్నను మీరు మళ్లీ చెప్పి జవాబిచ్చేవారు.

డిక్టేషన్ సంగతి మరీ ముఖ్యం. పాట, బాట, మాట: పెదవుల మీద మూడూ ఒకటే. పాప నోట్సులో ఎన్ని ఎర్ర సున్నాలో! మీరు ప్రతి పదాన్నీ ఒక వాక్యంలో పెట్టి చెప్పడం మొదలుపెట్టాక ఆ సున్నాలు తగ్గాయి.

కుర్చీ కాళ్లకు పాత టెన్నిస్ బంతులు కోసి తొడిగిన తరగతి పిల్లలకు బోలెడు ముద్దులు.

హక్కుగా రావలసినదానికి కృతజ్ఞత ఎందుకని మా వారు అడిగారు. న్యాయమే. వైకల్యం ఉన్నవారికి తగిన సర్దుబాటు చేయకపోవడం వివక్షేనని ఐక్యరాజ్యసమితి 2006 నాటి ఒడంబడికలో రాసుకుంది. అయినా అడిగి అడిగి గొంతు ఎండిన తల్లిని నేను. ఆయన ఆ వాదన పెట్టుకోనీ, నేను దణ్ణం పెట్టుకుంటాను.

వచ్చే ఏడాది టీచరుగారికి ఇవ్వడానికి పాప తనకేం కావాలో తానే అర పేజీ రాసుకుంది. చివరి వాక్యం ఇది: "స్టాఫ్ రూముకు వెళ్లేటప్పుడు మైకు ఆపేయండి. నాకు అన్నీ వినిపిస్తాయి."