65జీ ఎక్కడ ఆగుతుందో చెప్పండి సార్: మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఏ శాఖ మంత్రి గారికో రాయలేదని గమనించే ఉంటారు. మర్యాద తెలియక కాదండీ. బస్సు ఒకరి కింద, మెట్రో ఇంకొకరి కింద, బస్టాపులో బోర్డు మూడో వాళ్ల కింద, ఆ బోర్డు పాతిన ఫుట్‌పాత్ నాలుగో వాళ్ల కింద ఉంటాయని, చార్మినార్ దగ్గర గోల్కొండ వెళ్లే 65జీ బస్సు ఆగే చోట బోర్డు కోసం మూడు అర్జీలు పెట్టుకున్నాక తెలిసింది. కాబట్టి ఈ ఉత్తరం ఎవరి బల్ల మీద పడితే వాళ్లదే అనుకోండి.

మొదటి అర్జీకి "సంబంధిత శాఖకు పంపించాం" అన్నారు. రెండోదానికి ఉలుకూ లేదు పలుకూ లేదు. మూడోదానికి మాత్రం రెండు రోజుల్లో ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని. సంతోషం పట్టలేక తార్నాక నుంచి చార్మినార్ దాకా వెళ్లి చూశాను. ఏమీ మారలేదు. పరిష్కరించబడినది నా ఫిర్యాదే గానీ బస్టాపు కాదన్నమాట.

అసలు సంగతి చెబుతాను. మా బాబాయి విశాఖలో రేవులో పనిచేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్లు ఓడల్లోకి సరుకు ఎక్కించిన మనిషి, ఓడలో తను ఎక్కింది మాత్రం మొన్నీమధ్యే. కొడుకు టికెట్లు కొని పిన్నినీ ఆయన్నీ యూరప్ వైపు క్రూయిజ్‌కి పంపాడు. ఓడ పొద్దున ఒక ఊళ్లో ఆగుతుంది, సాయంత్రం బయల్దేరుతుంది, ఈలోపు ఊరు చూసుకుని రావాలి. ఓడ వాళ్లే టూరు బస్సు పెడతారు గానీ దానికి బోలెడు డబ్బు. సొంతంగా తిరుగుతామంటే తిరగొచ్చు, కానీ చెప్పిన టైముకి గేటు దగ్గర లేకపోతే ఓడ ఆగదు, తర్వాతి రేవుకి మన డబ్బులతో మనమే వెళ్లి పట్టుకోవాలి. అందుకని పిన్నికి ఒకటే టెన్షన్. బాబాయి మాత్రం సిటీ బస్సే అన్నారట.

బార్సిలోనాలో రేవు గట్టు దగ్గరే పోర్ట్‌బస్ అని ఒకటుంది, తిన్నగా తీసుకెళ్లి కొలంబస్ విగ్రహం దగ్గర దింపుతుంది. నాలుగడుగులు వేస్తే డ్రస్సానెస్ మెట్రో స్టేషన్, మధ్యలో ఒకసారి రైలు మారితే సగ్రడా ఫమీలియా చర్చి. వీళ్లిద్దరికీ స్పానిష్ ఒక్క ముక్క రాదు. పిన్నికి ఇంగ్లీషు కూడా అంతంతమాత్రమే. అయినా వెళ్లొచ్చారు, ఓడ ఎక్కాల్సిన టైముకి గంటన్నర ముందే వచ్చి కూర్చున్నారు. ఎవర్నీ అడగక్కర్లేదమ్మాయ్, గోడలే చెబుతాయి అంటారు బాబాయి. ఆ ట్రిప్పు తర్వాత ఆయనకి ఊరి కొలత అదొక్కటే అయిపోయింది, తెలియని మనిషిని ఆ ఊరి బస్సు ఎనిమిది గంటల్లో తిప్పి టైముకి వెనక్కి చేర్చిందా లేదా అని.

ఆ కొలతబద్దతో ఆయన మన హైదరాబాద్‌లో దిగారండీ, అదీ నా ఖర్మ.

పొద్దున ఆరింటికి సికింద్రాబాద్‌లో రైలు దిగారు, రాత్రి ఏడున్నరకి శంషాబాద్ నుంచి పుణె విమానం. మధ్యలో మా ఇంట్లో స్నానం, టిఫిన్. చెరో వీపుసంచి తప్ప సామాను లేదు. "ఇదీ క్రూయిజ్ స్టాపు లాంటిదేనమ్మాయ్, మీ ఊరికి సముద్రం లేదు గానీ ఎయిర్‌పోర్టు ఉందిగా, అదే రేవు అనుకో. చార్మినార్, గోల్కొండ చూపించి ఐదింటికల్లా రేవులో దింపు, కారు మాత్రం బుక్ చెయ్యకు" అన్నారు. నేను రోజూ మెట్రో ఎక్కే మనిషిని, నాకెందుకు భయం అనుకున్నాను.

సగం దారి బ్రహ్మాండంగా జరిగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. తార్నాకలో మెట్రో ఎక్కాం, పరేడ్ గ్రౌండ్‌లో మారాం, నారాయణగూడ, సుల్తాన్ బజార్ మీదుగా ఎంజీబీఎస్‌లో, అంటే మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దగ్గర, దిగాం. ప్రతి స్టేషన్ పేరూ మూడు భాషల్లో వినబడుతుంటే పిన్ని ముఖం వెలిగిపోయింది, మన ఊళ్లోనూ గోడలు మాట్లాడుతున్నాయే అంది. అక్కడి నుంచి చార్మినార్ రెండు కిలోమీటర్లు ఉంటుందేమో. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా మెట్రో మొదటి ప్లానులోనే ఉంది కదండీ, ఆ ఐదున్నర కిలోమీటర్ల ముక్క ఒక్కటీ అలా ఉండిపోయింది. ఊరికి గుర్తుగా ఏ బొమ్మ వేసినా చార్మినారే వేస్తారు, 1591 నుంచి అక్కడే ఉంది, ఎటూ కదల్లేదు, అయినా మన రైలుకి దారి దొరకలేదు.

మెట్రో మెట్లు దిగాక ఇక మీ రాజ్యం మొదలైంది. ఎటు వెళితే చార్మినార్ బస్సు? బాణం గుర్తు ఒక్కటి కనబడలేదు నాకు. ఆటో అబ్బాయి రెండొందలు అన్నాడు. మీటరు వెయ్యమంటే "మీటర్ ఖరాబ్ హై అమ్మా" అని, అదేదో నేనే పాడుచేసినట్టు చూశాడు. బాబాయి పంతం మనిషి, మూసీ దాటి మదీన మీదుగా నడిపించారు. పిన్నికి మోకాళ్ల నొప్పులు. ఆ ఫుట్‌పాత్ మీద చెప్పుల కుప్పలు, గాజుల బండ్లు, బైకులు పోగా మనిషికి మిగిలేది జానెడు. ఏం చేస్తాం, నడిచాం. చార్మినార్ చూశాం, చాయ్ తాగాం. ఇంకో గంటలో గోల్కొండలో ఉంటాం అనుకున్నాం.

గోల్కొండకి 65జీ, 66జీ అని ఎవర్ని అడిగినా చెబుతారు. ఎక్కడ ఆగుతుంది అంటే మాత్రం ఒకరు ముందుకి చెయ్యి చూపిస్తారు, ఇంకొకరు వెనక్కి. అటూ ఇటూ తిరగ్గా తిరగ్గా ఒక ఇనప స్తంభం దొరికింది. దానికో రేకు. రేకు మీద బస్సుల నంబర్లు రాసినట్టున్నారు, పైన 6 ఒక్కటే కనబడుతోంది, మిగతాదంతా లేడీస్ హాస్టల్ పోస్టర్ కింద. వైఫై ఉంది, త్రీ టైమ్స్ మీల్స్ ఉంది, మూడు ఫోన్ నంబర్లున్నాయి. బాబాయి జేబులోంచి రెండు రూపాయల బిళ్ల తీసి ఆ కాగితం మూల గీకడం మొదలెట్టారు. పాత పోస్టర్ మీద కొత్తది, దాని కింద ఇంకోటి, ఎండకి కరకరలాడుతున్నాయి. పది నిమిషాలు గీకితే 65 దాకా వచ్చింది. అవతల జీ ఉందో ఎమ్ ఉందో ఆయన గోళ్లకి అందలేదు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, బార్సిలోనాలో ఎవర్నీ ఏమీ అడగకుండా తిరిగొచ్చిన మనిషి, నా ఊళ్లో బస్టాపు రేకు గోకుతూ నిలబడితే నాకెలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

యాప్ ఉంది కదా అంటారు. చూశానండీ. బస్సు మూసీ నది మధ్యలో నిలబడి ఉన్నట్టు చూపించింది. ఓడ అనుకుంది కాబోలు. ఇరవై నిమిషాలైనా అక్కడే లంగరేసి ఉంది.

నలభై నిమిషాలకి ఒకటి వచ్చింది, నిజంగా వచ్చింది. కిక్కిరిసిపోయి ఉంది, స్తంభం దగ్గర ఆగకుండా యాభై అడుగులు ముందుకెళ్లి ఆగింది. కుర్రాళ్లు పరిగెత్తి ఎక్కేశారు. పిన్ని రెండడుగులు పరుగులాంటిది వేసి మోకాలు పట్టుకుని నిలబడిపోయింది. బస్సు వెళ్లిపోయింది. కండక్టర్‌ని తప్పు పట్టను, ఆ తొక్కిడిలో ఆయన పడుతున్న అవస్థ ఆయనది.

ఇక్కడ ఒక మాట. ఆడవాళ్ల ఉచిత బస్సు మీద నేను ఫిర్యాదు చేస్తున్నాననుకునేరు. 2023 డిసెంబర్ నుంచి జీరో టికెట్ మీద తిరుగుతున్నదాన్ని, మా పనిమనిషి నుంచి మా మేనకోడలి దాకా అందరికీ అది ఎంత పనికొచ్చిందో నాకు తెలుసు. మన దగ్గర మా పిన్ని ఆంధ్రా ఆధార్ చెల్లదు, అక్కడి ఉచిత బస్సు పథకం స్త్రీశక్తిలో నా తెలంగాణ ఆధార్ చెల్లదు, అదీ పరవాలేదు, టికెట్ కొంటుంది. కొందామంటే బస్సెక్కడ అన్నదే నా గోల.

అలా గోల్కొండ పోయింది. అక్కడ ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినబడుతుందని రైల్లోంచే చెప్పుకుంటూ వచ్చారట ఇద్దరూ, పిన్ని కింద నిలబడి కొట్టాలి, బాబాయి పైన వినాలి అని. ఏదో హోటల్లో బిర్యానీ తినిపించి సరిపెట్టాను.

పోనీ ఎయిర్‌పోర్టుకైనా బస్సులో వెళదామంటే, పాతబస్తీ నుంచి ఎక్కడ ఎక్కాలి అని ముగ్గుర్ని అడిగాను. ఒకరు అఫ్జల్‌గంజ్, ఒకరు అరాంఘర్, ఒకరు మెహిదీపట్నం. ముగ్గురూ నిజమే చెప్పి ఉండొచ్చు. ఎన్నింటికి వస్తుందో మాత్రం ముగ్గురిలో ఎవరికీ తెలియదు, అక్కడే మా ధైర్యం చచ్చిపోయింది. విమానం ఏడున్నరకి, లోపలికి వెళ్లడానికి గంటన్నర, దారిలో ట్రాఫిక్, ఇన్ని లెక్కలేసుకున్నవాడు "వస్తది అమ్మా, ఇప్పుడే వస్తది" అన్న మాట మీద నిలబడగలడా? క్యాబ్ పెట్టుకున్నాం. పదకొండొందలు.

మంత్రి గారూ, ఎయిర్‌పోర్టు బేగంపేట నుంచి శంషాబాద్‌కి వెళ్లింది 2008 మార్చిలో. ఇప్పటికీ రైలు లేదు. ఉందానగర్ దాకా పట్టాలున్నాయి, అక్కడి నుంచి విమానాలు కనబడతాయి, ఆ మిగిలిన ఆరేడు కిలోమీటర్లు ఎవరి వల్లా కావడం లేదు. 2022 డిసెంబర్ 9న రాయదుర్గం నుంచి శంషాబాద్‌కి 31 కిలోమీటర్ల మెట్రో అని, 6,250 కోట్లని శంకుస్థాపన చేశారు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, ఆ లైను పక్కకి పోయింది, ఇప్పుడు నాగోల్, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా అంటున్నారు. 2024 మార్చిలో ఫలక్‌నుమా దగ్గర పాతబస్తీ మెట్రోకి ఇంకో శంకుస్థాపన. బస్సుకీ మెట్రోకీ కలిపి ఒకే కార్డు అని 2023లో పేపర్లో చదివి మా అబ్బాయికి చూపించాను, వాడు అప్పుడు ఇంటర్. ఎవరి ప్రభుత్వం అని నేను అడగడం లేదు, మాకు శంకుస్థాపనలన్నీ ఒకలాగే కనబడతాయి, కొబ్బరికాయ ఒకటే కదా.

మెట్రో ఎప్పుడొస్తే అప్పుడే రానివ్వండి, అది వేల కోట్ల వ్యవహారం. ఒక రేకు మీద నంబరు రాయడానికి ఎన్ని కోట్లు కావాలి? క్యాబ్‌లో వెళుతూ పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద పిల్లర్లు చూసి బాబాయి అడిగారు, ఈ నంబర్లేమిటి అని. అడ్రసులకండీ అన్నాను, ఫలానా పిల్లర్ దగ్గర రైట్ అంటే హైదరాబాద్‌లో ఎవరైనా వచ్చేస్తారు. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "కార్లు పోయే వంతెనకి ప్రతి స్తంభానికీ నంబరు వేశారు, మనుషులు నిలబడే చోట ఒట్టి ఇనప కర్ర పాతి వదిలేశారు" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు, మీ దగ్గర ఉంటే చెప్పండి.

2025 మేలో అందాల పోటీలకి వచ్చిన అతిథుల్ని చార్మినార్ దగ్గర నడిపించినప్పుడు రోడ్లు ఎంత శుభ్రంగా ఉన్నాయో టీవీలో చూశాం, గర్వంగానే అనిపించింది. అంటే చేతగాక కాదు, చేస్తారు. వాళ్లు 65జీ కోసం నిలబడలేదు, అంతే తేడా.

నేనడిగేది పెద్దదేం కాదు. ఎంజీబీఎస్ మెట్రో మెట్ల కింద చార్మినార్‌కి, సాలార్‌జంగ్‌కి ఎటో చెప్పే ఒక బాణం. చార్మినార్ దగ్గర గోల్కొండ బస్సు ఆగే చోట పేరుతో, నంబర్లతో, టైములతో ఒక బోర్డు, దాని మీద పోస్టర్ అంటించినవాడికి జరిమానా. బస్సు ఆ బోర్డు దగ్గరే ఆగాలి, యాభై అడుగుల అవతల కాదు. ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కడ ఎక్కాలో, ఎన్నింటికో అక్కడే రాసి ఉండాలి, అది ఆ టైముకే రావాలి. బోర్డు సార్, ముందు బోర్డు. బోర్డు పెట్టించండి. ఎవరి శాఖ అయినా సరే.

వచ్చే నెల వాళ్లు పుణె నుంచి తిరిగొస్తున్నారు. విమానం పొద్దున దిగుతుంది, విశాఖ రైలు సాయంత్రం. మధ్యలో ఎనిమిది గంటలు. నిన్న రాత్రి బాబాయి ఫోన్ చేసి "ఈసారి గోల్కొండ ముందు పెట్టుకుందామా అమ్మాయ్, ఏ బస్సు?" అని అడిగారు. కనుక్కుని చెబుతానన్నాను. ఎవర్ని కనుక్కోవాలో తెలియక మీకు రాస్తున్నాను.

ఇట్లు,
తార్నాక నుంచి ఒక జీరో టికెట్ ప్రయాణికురాలు

తా.క. మొన్న అటువైపు పని పడితే ఆ స్తంభం దగ్గరికి వెళ్లి చూశాను. బాబాయి గీకిన చోట కొత్త పోస్టర్ అంటించారు. ఈసారి బాయ్స్ హాస్టల్.