కౌలు అడుగుతాం, అద్దె అడగం

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ ఆస్తుల పేజీలో రాజమహేంద్రవరంలో ఫ్లాట్ల బేరాలు మళ్ళీ ఊపందుకున్నాయనీ, అద్దెల కోసం కొనేవాళ్ళకి ఇదే అదననీ రాశారు. మొదటి మాటతో నాకు పేచీ లేదు. ఇరవై ఆరేళ్ళుగా రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. బేరాలు లేచాయో పడ్డాయో తెలుసుకోడానికి నాకు పేపరు అక్కర్లేదు, మధ్యాహ్నం ఎన్నింటికి క్యారేజీ విప్పుతున్నానో చూసుకుంటే చాలు. 2019లో గోదావరి ఒడ్డున ఉండి కూడా ఇసుక దొరక్క కట్టడాలు ఆగిపోయాయి. ఆ మరుసటేడు కరోనా. అప్పట్లో పన్నెండున్నరకే తిని ఓ కునుకు కూడా తీసేవాణ్ణి. ఇప్పుడు మూడు దాటుతోంది. బేరాలు లేవడానికి కారణాలు లేకపోలేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి భీమవరం, అమలాపురం జిల్లా కేంద్రాలయ్యాయి. 2024 జులై నుంచి ఇసుక ఉచితమన్నారు (లారీ కిరాయి సంగతి వేరే కథ). 2025 ఫిబ్రవరి, జూన్ మధ్యలో రిజర్వు బ్యాంకు రెపో రేటుని, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీని, 6.5 శాతం నుంచి 5.5కి దించింది. ముందు 2027 పుష్కరాలున్నాయి. ధర పెరుగుతోందట అన్న మాట చాలు, పెరగడానికి.

పేచీ అల్లా రెండో మాటతోనే. అద్దె కోసం కొనమని అర పేజీ రాశారు గానీ, అద్దె ఎంతొస్తుందో ఒక్క అంకె వెయ్యలేదు. చదరపు అడుగు ఎంత, గజం ఎంత, ఏ రోడ్డులో ఎంత పెరిగింది, అన్నీ ఉన్నాయి. మీ విలేకరిని తప్పుపట్టడం లేదండి. ఆ అంకె ఆయనకి ఎక్కడా దొరకదు. ఎందుకు దొరకదో చెబుదామనే ఈ ఉత్తరం.

మండపేట వైపు రైతు ఒకాయన నాకు పాత పరిచయం, నాకన్నా పెద్దవారు. నాలుగేళ్ళ కిందట ఎకరంన్నర పొలం కొంటూ నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. బండి దిగి పొలం కేసి చూడలేదు, కాలవ ఎటునుంచి వస్తోందో చూశారు. కాలవ చివరనుండే శివారు భూమా, పైదా అని అడిగారు. గట్టు మీద మురుగు కాలవ దాకా నడిచారు. దాళ్వాకి (రెండో పంటకి) ఆఖరి తడి అందుతుందా లేదా అన్నది అమ్మేవాణ్ణి కాదు, పక్క చేలో కలుపు తీయిస్తున్న మనిషిని అడిగారు. కౌలు ఎన్ని బస్తాలు, సార్వాకి (మొదటి పంటకి) ఎంత, దాళ్వాకెంత, తుఫానుకి చేను పడిపోయిన ఏడు కౌలుదారుకి ఎంత తగ్గించారు, ఇవన్నీ అయ్యాకే ధర మాట ఎత్తారు.

అదే మనిషి పోయిన నెల ఫ్లాటు అగ్రిమెంటు రాయమని వచ్చారు. మూడో అంతస్తు, రెండు పడగ్గదులు, 50 లక్షలు. ఈశాన్యంలో పూజ గది వచ్చిందనీ, లిఫ్టు మంచి కంపెనీదనీ చెప్పారు.

"అద్దెకి ఎంతొస్తుందో కనుక్కున్నారా అండీ?" అన్నాను.

"అద్దెదేముంది బాబూ, ఎంతో కొంత వస్తాది. రేటు పెరుగుద్ది గదా!"

కాగితం తీసి ఆయన ముందే లెక్క వేశాను. ఆ చుట్టుపక్కల అలాంటి ఫ్లాటుకి నెలకి 14,000 పలుకుతోంది. ఏడాదికి 1,68,000. యాభై లక్షల మీద 3.36 శాతం. అది కాగితం మీద మాట. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం, అంటే 3,75,000 చేతిలోంచి పోతుంది. ఫ్లాటు ఖరీదు 53,75,000 అయింది. ఏడాదికి ఒక్క నెల ఖాళీ అనుకుంటే అద్దె 1,54,000. ఇంటిపన్ను, రిపేర్లు, నాలుగేళ్ళకోసారి వేసే రంగుల ఖర్చులో ఆ ఏడాది వాటా, ఖాళీగా ఉన్న నెల మెయింటెనెన్సు, అన్నీ కలిపి 24,000 తీసెయ్యండి. మిగిలేది 1,30,000. రెండున్నర శాతం కూడా లేదు. పోస్టాఫీసులో డిపాజిట్ చేసుకున్నా ఇంతకంటే ఎక్కువ వస్తుంది, దానికి మోటారు కాలిపోదు.

అప్పు చేసి కొంటే ఇంకో తంతు. 40 లక్షలు, 8 శాతం, ఇరవై ఏళ్ళు అనుకుంటే నెలకి కట్టాల్సింది సుమారు 33,450. వడ్డీ 9 శాతం ఉన్నప్పుడు ఇదే 36,000 దగ్గర ఉండేది. రెపో తగ్గిందని పండగ చేసుకున్నది ఈ రెండున్నర వేల గురించే. అద్దె వచ్చినా ప్రతి నెలా పంతొమ్మిది వేలు పైనుంచి వేసుకోవాలి. "అద్దె డబ్బుతో వాయిదా తీరిపోతుంది" అని సైటు ఆఫీసులో చెప్పే కుర్రాడు ఈ లెక్క ఎవరికీ చూపించడు. వడ్డీ మీద పన్ను కలిసొస్తుందని కూడా చెబుతాడు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి అద్దె ఇంటి నష్టం (అద్దెని మించిపోయిన వడ్డీ) ఏడాదికి 2 లక్షల దాకా జీతంలోంచి తగ్గించుకునే వీలుంది. కొత్త విధానంలోకి మారినవాళ్ళకి అదీ లేదు.

ఊరికే నీతులు చెప్పడం లేదు. నేనూ ఆ తానులో గుడ్డనే. 2018లో బొమ్మూరు వైపు ఓ ఫ్లాటు 31 లక్షలకి కొన్నాను. దానికో నోటుబుక్కు పెట్టాను. 88 నెలల లెక్క అందులో ఉంది. 13 నెలలు ఖాళీ. మొదటి కుటుంబానికి జ్యేష్ఠం చివర ట్రాన్స్‌ఫర్ అయింది. ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు. శ్రావణం వచ్చేసరికి పిల్లల్ని బళ్ళో చేర్పించేసి ఎవరిళ్ళల్లో వాళ్ళు స్థిరపడిపోయారు. అలా దసరా దాకా టు-లెట్ బోర్డు బాల్కనీలో ఎండకి ఎండి వానకి తడిసింది. కరోనాలో నలుగురు లెక్చరర్లు ఒక్క ఫోను చేసి ఖాళీ చేసేశారు. వాళ్ళని ఏమనగలం, వాళ్ళకీ జీతాలు లేవు. ఇంకో పేజీలో నీళ్ళ ప్రెషర్‌కి బాత్రూం టైల్సు వెనక పైపు పగిలి కింది ఫ్లాటువాళ్ళ సీలింగు ఊడిపడిన ఖర్చు ఉంది. ఆ పేజీ నేను చూడను.

8,500 తో మొదలైన అద్దె ఇవాళ 12,000. మరి అదే బిల్డింగులో ఫ్లాటు ఇవాళ 48 లక్షలు చెబుతున్నారు. ధర ఒకటిన్నర రెట్లు దాటింది, అద్దె దాని వెనక కుంటుకుంటూ వస్తోంది. మన గోదావరి జిల్లాల్లో ఇది ఇలాగే ఉంటుంది. ఎందుకంటే ఫ్లాటు కొనే డబ్బు ఒకచోటి నుంచి వస్తుంది, అద్దె కట్టే డబ్బు ఇంకోచోటి నుంచి. కొనేది అమెరికా పిల్లల డబ్బు, రొయ్యల చెరువు డబ్బు, రోడ్డు పక్క పొలం అమ్మిన డబ్బు. అద్దె కట్టేది బ్యాంకు క్లర్కు, ప్రైవేటు కాలేజీ లెక్చరరు, మందుల కంపెనీ రెప్పు. చెరువు పండితే ధర ఒక్క సీజన్లో ఎగురుతుంది. లెక్చరరు జీతం అలా ఎగరదు కదా. వచ్చిన డబ్బు వెనక్కి పోవడమూ అంతే వేగం. 2025 ఆగస్టులో మన రొయ్యలతో సహా ఎగుమతుల మీద అమెరికా వేసే సుంకం 50 శాతానికి చేరిన వారంలో నా బల్ల మీద రాసిపెట్టిన రెండు అగ్రిమెంట్లు సంతకాలు లేకుండా అలాగే ఉండిపోయాయి. ఇద్దరూ చెరువుల వాళ్ళే.

ఇక అసలు సంగతి. ఏ డోర్ నంబరుకి మార్కెట్ విలువ ఎంతో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఫలానా వీధిలో రెండు పడగ్గదుల ఇంటికి అద్దె ఎంతో చెప్పే కాగితం ఒక్కటి కూడా ప్రభుత్వం దగ్గర లేదు. ఎందుకు లేదంటే అద్దెలన్నీ పదకొండు నెలల అగ్రిమెంటు మీద నడుస్తాయి. వంద రూపాయల స్టాంపు పేపరు, ఇద్దరు సాక్షులు, అయిపోయింది. నేనే నెలకి పది పదిహేను రాస్తాను. ఏడాది లోపు అయితే రిజిస్టర్ చెయ్యక్కర్లేదు కదా అంటారు అందరూ, చదువుకున్నవాళ్ళు కూడా. చాలా రాష్ట్రాల మాట అది. ఆంధ్రప్రదేశ్‌లో 1999లోనే రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి, ఎన్ని నెలలకైనా సరే లీజు రిజిస్టర్ కావాల్సిందే అన్నారు. చట్టం ఉంది, చేసేవాడు లేడు. పేచీ వచ్చి కోర్టుకెక్కినప్పుడు మాత్రం ఆ వంద రూపాయల కాగితం షరతులకి సాక్ష్యంగా పనికిరాదని ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుంది.

పూర్వం మునిసిపాలిటీ వాళ్ళయినా ఇంటి పన్నుని ఏడాది అద్దె విలువ మీద వేసేవారు. అది ఉజ్జాయింపే అయినా అద్దె అన్న మాట రికార్డులో ఉండేది. 2021 నుంచి ఆస్తి మూలధన విలువ, అంటే ఖరీదు మీద వేస్తున్నారు. దాంతో ఆ ఉజ్జాయింపు కూడా పోయింది. ఇవాళ ఊళ్ళో అద్దెల రికార్డు ఎక్కడైనా ఉందీ అంటే అపార్టుమెంటు వాచ్‌మన్ దగ్గరే ఉంది. ఎన్ని ఫ్లాట్లు ఖాళీ, ఎవరు ఎంతకి దిగారు, ఎవరు రెండు నెలల బకాయితో రాత్రికి రాత్రి సర్దేశారు, అన్నీ నోటికి చెబుతాడు. మండపేట పెద్దాయనకి కూడా అదే చెప్పాను. వెళ్ళి అడిగొచ్చారు. నలభై ఫ్లాట్లలో తొమ్మిదింటికి తాళాలున్నాయట. అగ్రిమెంటు ఇంకా రాయలేదు.

అద్దె రిజిస్టర్ చేయిస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు వచ్చి పడతారని ఇంటివాళ్ళ భయం. అద్దెలోంచి ఇంటిపన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం లెక్కాజమా అడక్కుండా వదిలేస్తారు. పైగా 2025-26 నుంచి కొత్త విధానంలో మొత్తం ఆదాయం 12 లక్షలు దాటకపోతే అద్దె మీదా పెన్షన్ మీదా పన్నే పడదు. ఒక్క ఫ్లాటున్న రిటైర్డ్ మేష్టారికి టెన్షన్ దేనికి? అసలు దాచాలనుకునేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళు ఎటూ దాస్తారు.

నేను కోరేది పెద్దదేం కాదు. ఇంటి అద్దె ఒప్పందాన్ని ఫోన్లోనే నామమాత్రపు ఫీజుతో రిజిస్టర్ చేసుకునే ఏర్పాటు ప్రభుత్వం చెయ్యాలి. పేర్లు లేకుండా వీధుల వారీగా అద్దెలు బయట పెట్టాలి. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి చేసి, దాన్ని అద్దె అధికారికి తెలియజెయ్యమన్నారు. అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదనీ అన్నారు. ఆ దారిలో పోతే అద్దెకుండేవాళ్ళకీ కాస్త ఊపిరాడుతుంది. ఇలా జరిగితే నాకు నెలకి పది పదిహేను అగ్రిమెంట్ల డబ్బు పోతుంది. పోనివ్వండి.

ఈలోగా మీరు చెయ్యగలిగింది ఒకటుంది. ఆదివారం పేజీలో చదరపు అడుగు రేటు పక్కనే ఇంకో గడి గీసి, అక్కడ అద్దె ఎంత పలుకుతోందో వెయ్యండి. దానవాయిపేటలో ఎంత, మోరంపూడిలో ఎంత, కాకినాడ భానుగుడి దగ్గర ఎంత, భీమవరంలో ఎంత. అంకెలు కావాలంటే మీ విలేకరిని నా బల్ల దగ్గరికి పంపండి, పేర్లు చెప్పను గానీ అద్దెలు చెబుతాను. మూడు దాటాక వస్తే క్యారేజీ విప్పుతూ మాట్లాడుకోవచ్చు.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
రాజమహేంద్రవరం