సిమ్యులేటర్ గది తాళం తీయించండి: పౌర విమానయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లుగా సిమ్యులేటర్ సాధన మళ్లీ మొదలుపెట్టమని మేం పంపిన వినతిపత్రాలకు ఇప్పటిదాకా "పరిశీలనలో ఉంది" అన్న జవాబు తప్ప మరేమీ రాలేదు. అందుకే ఈసారి అందరి ముందూ రాస్తున్నాం.

ఏటా జరగాల్సిన రిఫ్రెషర్ శిక్షణలో ఎమర్జెన్సీల సాధన సిమ్యులేటర్ (నిజమైన రాడార్ గదిని అనుకరించే యంత్రం) మీద జరగడం ఆగిపోయింది. షిఫ్టుల్లో మనుషులు చాలడం లేదు కాబట్టి కంట్రోలర్లను పంపలేమన్నారు. ఆ సాధన కాస్తా స్లైడ్లు చదివి సంతకం పెట్టే ఒక పూట పనైపోయింది. రికార్డుల్లో శిక్షణ పూర్తయినట్టే ఉంటుంది. గాలిలో పరికరం చెడిపోయిన పైలట్‌కు మాత్రం ఆ సంతకం ఎందుకూ పనికిరాదు. ఎందుకంటామో దయచేసి ఓపిగ్గా వినండి.

ఒక చిన్న విమానం మేఘాల్లో ఉండగా వాక్యూమ్ పంపు (గాలిని పీల్చి కొన్ని పరికరాలను నడిపేది) ఆగిపోయిందనుకోండి. దాని మీద నడిచే ఆర్టిఫిషియల్ హొరైజన్ (విమానం ఎటు వాలిందో చూపేది), హెడింగ్ ఇండికేటర్ (ఏ దిక్కుకు పోతోందో చూపేది) రెండూ ఒకేసారి చెడతాయి. టక్కున ఆగిపోతే పైలట్‌కు వెంటనే తెలిసేది. అలా జరగదు. లోపల గిర్రున తిరిగే చక్రం, అంటే గైరో, మెల్లగా వేగం తగ్గుతూ, కొన్ని నిమిషాలపాటు నిజంలాగే కనిపించే తప్పుడు చిత్రం చూపిస్తూ పక్కకు ఒరుగుతుంది. పైలట్ దాన్నే నమ్మి విమానాన్ని వంచుతాడు. ఇచ్చిన హెడింగ్ నుంచి విమానం జారిపోతోందని ముందుగా పసిగట్టే అవకాశం రాడార్ ముందు కూర్చున్నవారికే ఉంటుంది.

గైరో పోయిందని తేలాక పైలట్‌కు హెడింగ్ అంకెలు చెప్పకూడదు. దిక్సూచి ఉంది కదా అనుకుంటారు. అది మలుపులో ముందుకో వెనక్కో పోతుంది, కుదుపుల్లో ఊగుతూనే ఉంటుంది. కాబట్టి "ఎడమకు తిరగండి" అని చెప్పి, సరైన క్షణంలో "మలుపు ఆపండి" అనాలి. మామూలు మలుపు సెకనుకు 3 డిగ్రీలు, అంటే 90 డిగ్రీలకు 30 సెకన్లు. రన్‌వే వరసలోకి వచ్చాక మలుపు రేటు సగానికి తగ్గించమని చెప్పాలి. ఇక్కడే అసలు చిక్కు. విమానాశ్రయ రాడార్ చిత్రం సుమారు 4, 5 సెకన్లకోసారి మారుతుంది. స్క్రీన్ మీద మలుపు పూర్తయ్యేదాకా చూసి ఆపమంటే, ఆ మాట పైలట్ చెవిన పడేసరికి విమానం 12, 15 డిగ్రీలు దాటిపోయి ఉంటుంది. మళ్లీ కుడికి తిప్పాలి, మళ్లీ దాటిపోతుంది. మేఘాల్లో హొరైజన్ లేకుండా ఎగురుతున్న పైలట్‌తో ఇలా అటూ ఇటూ మలుపులు తిప్పించడమంటే అతడి చేతిలో మిగిలిన కాస్త అదుపును కూడా మనమే లాగేసుకోవడం. గడియారం లెక్కనూ రాడార్ చుక్కనూ కలిపి, అరక్షణం ముందుగా ఆపమనడం అలవాటు కావాలి. సిమ్యులేటర్‌లో పదిసార్లు తప్పు చేస్తేనే ఆ అలవాటు వస్తుంది. చాలాకాలం చేయకపోతే పోతుంది కూడా. మాలో చాలామందికి పోతోందని ఒప్పుకోవడానికి మేం సిగ్గుపడటం లేదు, భయపడుతున్నాం.

ఇంకొకటి. ఏ అంకెను నమ్మకూడదో తెలియడం ఇంతకంటే కష్టం. మా స్క్రీన్ మీద విమానం పక్కన కనిపించే ఎత్తును రాడార్ కొలవదు. విమానంలోని ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు జవాబిచ్చే రేడియో పరికరం) పంపిన అంకె అది. విమానం పక్కన ఉండి బయటి గాలి పీడనాన్ని పట్టే స్టాటిక్ రంధ్రాలు మూసుకుపోతే కాక్‌పిట్‌లో ఎత్తు చూపే ఆల్టిమీటర్ తప్పు చూపిస్తుంది, మా స్క్రీన్ కూడా అదే తప్పు చూపిస్తుంది. 1996 అక్టోబర్ 2న పెరూ రాజధాని లిమా నుంచి లేచిన ఏరోపెరూ 603 విమానంలో జరిగింది ఇదే. బోయింగ్ 757ను కడిగేటప్పుడు స్టాటిక్ రంధ్రాలకు అంటించిన టేపును తీయడం మరిచారు. చీకట్లో, సముద్రం మీద, పైలట్లు తమ ఎత్తెంతో చెప్పమని కంట్రోలర్‌ను అడిగారు. ఆయన స్క్రీన్ చూసి 9,700 అడుగులని చెప్పాడు. విమానం నీటిని తాకింది. 70 మందీ చనిపోయారు. అడిగినదానికి ఆయన తనకు కనిపించిందే చెప్పాడు. అదే పరిస్థితి రేపు మాలో ఒకరికి ఎదురైతే, "ఈ ఎత్తు మీ విమానం నుంచే వస్తోంది, దీన్ని నమ్మకండి, రేడియో ఆల్టిమీటర్ చూడండి" (కింది నేల నుంచో నీటి నుంచో ఎత్తును రేడియో తరంగాలతో కొలిచేది అది) అన్న మాట ఆలోచించకుండా నోటికి రావాలి.

అదే ఎదురొచ్చే గాలిని పట్టి వేగం కొలిచే పిటాట్ గొట్టం మూసుకుపోయి స్పీడు సూచిక చెడితే మేం నిజంగా సాయపడగలం. నేల మీద వేగాన్ని రాడార్ విమానం కదలిక నుంచే లెక్కగడుతుంది, అది పిటాట్ మీద ఆధారపడదు. అయితే ఒట్టి అంకె చదివి ఊరుకోకూడదు. ఆ ఎత్తులో గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో కలిపి చెప్పాలి. 60 నాట్ల ఎదురుగాలిలో నేల వేగం 180 అంటే విమానం గాలిలో సుమారు 240తో పోతున్నట్టు. పైన ఎత్తు పెరిగేకొద్దీ సూచిక చూపాల్సిన వేగం దానికంటే తక్కువే ఉంటుందని కూడా గుర్తుచేయాలి. స్క్రీన్ మీది ఎత్తును నమ్మకూడదు, వేగాన్ని లెక్కగట్టి వాడుకోవాలి. ఈ తేడా నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి.

కరెంటు పోయినప్పుడు సంగతి వేరు. విద్యుత్తు పుట్టించే ఆల్టర్నేటర్ ఆగితే బ్యాటరీ సుమారు అరగంట, పాతదైతే అంత కూడా ఉండదు. పైలట్ రేడియో బటన్ నొక్కి మాట్లాడిన ప్రతిసారీ అది మరింత తరుగుతుంది. కాబట్టి జవాబులు అడక్కూడదు. "వినిపిస్తే ఐడెంట్ నొక్కండి" అనాలి (ఆ బటన్ నొక్కితే మా స్క్రీన్ మీద ఆ విమానం ప్రత్యేకంగా కనిపిస్తుంది), లేదా 30 డిగ్రీలు తిరగమనాలి. రేడియో చెడిందని తెలిపే 7600 కోడ్ స్క్రీన్ మీద కనిపించగానే పైలట్‌కు వినిపించడం లేదని అనుకోకూడదు. మైకు మాత్రమే పోయి ఉండొచ్చు, వినపడుతూనే ఉండొచ్చు. రేడియో పోయిన విమానానికి రంగు వెలుగుతో సైగ చేసే, టవర్‌లోని లైట్ గన్‌ను చేతిలోకి తీసుకుని ఎన్నాళ్లైందో మా సహోద్యోగులను అడిగి చూడండి.

ఇక రెండో మనిషి సంగతి. కంట్రోలర్ పైలట్‌తో మాట్లాడుతుండగా పక్క సెక్టారుకు (పక్క గగనతల భాగం చూసే కంట్రోలర్లకు), ఫైర్ స్టేషన్‌కు, దగ్గరి విమానాశ్రయానికి ఫోన్లు ఎవరు చేయాలి? 1989 జులై 19న అమెరికాలోని సూ సిటీకి వచ్చిన యునైటెడ్ 232 విమానంలో, దాన్ని తిప్పే భాగాలను కదిలించే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి, విమానం దాదాపు కుడికే తిరగగలిగేది. అనుకున్న 31వ రన్‌వేకు కాకుండా, మూసి ఉన్న 22వ రన్‌వే వరసలోకి వచ్చింది. దాని మీద నిలిపి ఉన్న ఫైరింజన్లను ఆఖరి నిమిషాల్లో పక్కకు తీయించారు. 296 మందిలో 184 మంది బతికారు. 2002 జులై 1న జర్మనీలోని యూబర్‌లింగెన్ మీద రెండు విమానాలు ఢీకొన్న రాత్రి ఒకే కంట్రోలర్ రెండు స్థానాలు చూస్తున్నాడు, ఫోన్ వ్యవస్థ మరమ్మతులో ఉంది. 71 మంది పోయారు. ఇవన్నీ మీ శాఖకు తెలుసు. అయినా రాత్రి షిఫ్టుల్లో ఒక్కరినే కూర్చోబెట్టే ఏర్పాటు మారడం లేదు.

మంత్రి గారూ, కొత్త భవనం అడగడం లేదు. సిమ్యులేటర్ ఉంది, నేర్పేవాళ్లున్నారు. ప్రతి కంట్రోలర్‌కూ ఏటా రెండు పూర్తి రోజులు, పైలట్ పాత్రలో ఇంకో మనిషితో, ముందుగా చెప్పకుండా పరికరాలు చెడగొట్టి సాధన చేయించండి. వాక్యూమ్, స్టాటిక్, పిటాట్, విద్యుత్, రేడియో, అన్నీ. ఆ రోజుల్ని డ్యూటీగానే లెక్కించమని ఉత్తర్వు ఇవ్వండి, లేకపోతే మళ్లీ మొదట కత్తిరించేది వాటినే. రాత్రి షిఫ్టులో రెండో కంట్రోలర్‌ను ఇవ్వండి. "పరిశీలనలో ఉంది" అన్న జవాబు దయచేసి మళ్లీ పంపకండి. ఏ తేదీన తాళం తీస్తారో చెప్పండి, చాలు. ఆ తేదీ కోసం చేతులు జోడించి అడుగుతున్నాం.

ఇట్లు,
రాడార్ ముందు కూర్చునే కంట్రోలర్లు