ప్లే స్టోర్ లేకుండానూ సేవలు అందాలి

సంపాదకులకు నమస్కారం.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చి చెప్పినా, భీమవరం పరిసరాల్లో చెరువుగట్టు మీద నిలబడి రొయ్యల ధర చూసుకునే రైతు జాడ సైతం లొకేషన్ ఆన్‌లో ఉంటే బడా సంస్థలకు చేరిపోతోంది. గూగుల్ ఖాతా లేకుండానే ఆండ్రాయిడ్ ఫోన్ వాడవచ్చని చాలామందికి తెలియదు. యాప్‌లు దించుకోవడానికి ప్లే స్టోర్‌కు బదులు, ఖాతా అవసరం లేని ఎఫ్-డ్రాయిడ్ అనే ఉచిత యాప్‌ల భాండాగారం ఉంది. ఆర్గానిక్ మ్యాప్స్ అనే పటాల యాప్‌లో మన ప్రాంతపు పటం ఒకసారి దించుకుంటే, సిగ్నల్ అందని లంకల్లోనూ, పుంతరోడ్లు అందులో నమోదై ఉన్నంత మేరకు, నెట్ లేకుండానే దారి చూపుతుంది. అసలు చిక్కల్లా గూగుల్ సేవలు లేనిదే పనిచేయని కొన్ని బ్యాంకు, చెల్లింపుల యాప్‌లతోనే. కనీసం ప్రభుత్వ యాప్‌లనైనా అధికారిక వెబ్‌సైట్ల నుంచి నేరుగా దించుకునే వీలు కల్పించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, పాలకొల్లు